సర్వర్ మరణ సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998లో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. నాటినుంచీ ఈ చుట్టుపక్కల యంత్రం రాసిన వాక్యాలకు అర్థం చెప్పి జీతం పుచ్చుకునే వ్యాఖ్యాతల వంశం వర్ధిల్లుతోంది. ఈ టీకాకారుడూ ఆ వంశంవాడే. పగలు ఆఫీసు సర్వర్లు, శుక్రవారం రాత్రి మిత్రుల మైన్‌క్రాఫ్ట్ సర్వర్. పన్నెండుమంది చందాలేసుకుని అద్దెకు తెచ్చిన 8 జీబీ యంత్రం అది. అందరూ లోపలికొచ్చి గునపాలు పట్టే వేళకు సరిగ్గా కన్ను మూసేది.

టీకలకు పెద్ద దిక్కు మల్లినాథ సూరి. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞే మనకూ శరణ్యం.

మూలం

ఔట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్ 4127, జావా.

ప్రతిపదార్థం

ఔట్ ఆఫ్ మెమరీ = యంత్రంలో మెమరీ నిండుకోగా. ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే డబ్బా ఖాళీ అని. మెమరీ విషయంలో మాత్రం నిండడమూ నిండుకోవడమూ ఒకటే. ఇది తెలుగు భాష ముందుచూపు.

కిల్డ్ = చంపబడెను. కర్త కనబడదు, ‘కెర్నెల్ చేత’, అంటే యంత్రాన్ని ఏలే లినక్స్ గుండెకాయ చేత, అని అధ్యాహారం చేసుకోవాలి.

ప్రాసెస్ 4127 = ఆ సంఖ్యగల ప్రాసెస్. రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఇది మారుతుంది కాబట్టి ఇందులో సంఖ్యాశాస్త్రం వెతకరాదు.

జావా = సర్వర్‌ను నడిపించే ప్రోగ్రాం. రాగిజావతో సంబంధం లేదు.

పూర్వపక్షం

“మామా, నెట్ పోయింది” అని ఒకడు. నెట్ పోతే మనం బయటపడతాం, ప్రాసెస్ చావదు.

“కొత్త మాడ్ పనే భాయ్” అని ఇంకొకడు. మాడ్ తప్పు చేసి ఆట కూలితే మామూలుగా క్రాష్ రిపోర్ట్స్ ఫోల్డర్‌లో ఓ ఫైలు పడుతుంది. ఇక్కడ ఫోల్డర్ ఖాళీ.

“అన్నా, మెమరీ చాలట్లేదంటోంది కదా, జావాకి ఇంకొంచెం ఇయ్యి” అని మూడోవాడు. ముగ్గురిలో ప్రమాదకారి ఇతడే. ఎందుకంటే సగం చదివాడు.

పాఠభేదం

‘ఔట్ ఆఫ్ మెమరీ ఎర్రర్: జావా హీప్ స్పేస్’ అని మరో పాఠం ఉంది. అది జావా తన నోటితో తాను చెప్పుకునే మాట. అక్కడ ఆకలి జావాది. హీప్‌కు, అంటే జావా తన సామాను పెట్టుకునే మెమరీకి, హద్దు చెప్పే ఎక్స్ఎంఎక్స్ అంకె పెంచి చూడవచ్చు. మన మూలం కెర్నెల్ పలికినది. ఇక్కడ ఆకలి యంత్రానిది, అంకె తగ్గించాలి. మొదటి మూడు మాటలూ ఒకటే, చికిత్సలు మాత్రం తూర్పూ పడమరా. ‘ఒక టిక్‌కు 60 సెకన్లు పట్టింది’ అని ఆట సర్వర్‌లోని కావలి వాచ్‌డాగ్ మొరిగితే అది మూడో వ్యాధి. సెకనుకు 20 టిక్కులు నడవాల్సిన ఆట ఒక్కదాని దగ్గరే చతికిలబడిందన్నమాట.

సిద్ధాంతం

8 జీబీ యంత్రంలో జావాకు 8 జీబీ రాసిచ్చాం. ఆ అంకె హీప్‌కు మాత్రమే హద్దు. క్లాసులు, థ్రెడ్ల స్టాకులు, నెట్‌వర్క్ బఫర్లు దాని బయట తింటాయి. లినక్స్‌కూ పిడికెడు కావాలి. లినక్స్ గుణం విచిత్రం: అడిగినప్పుడు లేదనదు, అందరూ నిజంగా వాడుకోబోయేసరికి ఒకరిని చంపుతుంది. సాధారణంగా ఎక్కువ తిన్నవాడినే ఎంచుకుంటుంది.

విశేషాంశాలు

ఆట తాలూకు లాగ్ ఎవరిదో పలకరింపు దగ్గర ఆగిపోయి ఉంది. తొమ్మిదో నంబరు సిగ్నల్ తగిలిన ప్రాసెస్‌కు వీలునామా రాసే వ్యవధి ఉండదు. చచ్చినవాడు చెప్పలేకపోయినది చంపినవాడు రాసిపెట్టాడు. అందుకే మూలం కెర్నెల్ లాగ్‌లో దొరికింది. నిష్క్రమణ సంఖ్య 137 ఇందుకు సాక్షి: 128కి 9 కలిపితే అదే.

సమాసం: ‘డెడికేటెడ్ గేమ్ సర్వర్’ అంటే ఆట కొరకు సర్వర్, చతుర్థీ తత్పురుషం. అందులోనే పాటల బాట్, ప్రపంచ పటం గీసే ప్లగిన్ కూడా పెట్టడంతో తత్పురుషం చెడి ద్వంద్వమైంది.

అలంకారం: అసంగతి. కారణం ఒకచోట, కార్యం మరోచోట. మెమరీ కొంత బాట్ తిన్నది, ఉరి జావాకు పడింది.

తాత్పర్యం

మెమరీ చాలక చచ్చిన సర్వర్‌కు మెమరీ తగ్గించగా బతికింది. జావా అంకెను 8 నుంచి 5కు దించి, బాట్‌ను వేరే యంత్రానికి సాగనంపాం. మల్లినాథుడు కాళిదాస కావ్యాలకు రాసిన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషానికి మూర్ఛపోయిన కవివాక్కును లేపడానికట. మన సర్వర్ మూర్ఛకూ సగం కారణం అలాంటి వ్యాఖ్యానాలే.

పాఠకులకు ఒక్క మనవి. యంత్రాన్ని రీబూట్ చేస్తే కెర్నెల్ తన బఫర్‌లో రాసుకున్నది చెరిగిపోతుంది. ముందు ఆ వాక్యాలను కాపీ చేసుకోండి, తర్వాత రీబూట్ నొక్కండి. తాళపత్రం తగలబెట్టాక టీక రాయడం మల్లినాథుడి తరం కూడా కాదు.