రెండుసార్లు కదిలిన ఇల్లు

నా చిరునామా రెండుసార్లు మారింది. మొదటిసారి పైకి, రెండోసారి పక్కకి. ఊరు ఇంగ్లండులోని మాంచెస్టర్. పేరు ఓల్డ్ వెల్లింగ్టన్ ఇన్. పుట్టింది 1552లో. ఇప్పుడు చేస్తున్నది పబ్బు పని. పుట్టుకతో పబ్బును కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు నా ఒంటి గురించి. నాలో బరువు మోసేవి గోడలు కావు. చూసేవాళ్లంతా అక్కడే పొరబడతారు. నిలువు స్తంభాలు, వాటి మీద దూలాలు, బిగువు కోసం మూలల్లో ఏటవాలు కర్రలు, ఈ ఓక్ చట్రమే నేను. నడుమ కనిపించే తెల్లటి భాగాలు ఉత్త పూడికలు. మా కాలపు ఇళ్లలో ఆ ఖాళీలకు సన్నటి కర్రలతో తడిక అల్లేవారు. మట్టి, పేడ, గడ్డి కలిపి తొక్కి దానికి రెండువైపులా మెత్తి, పైన సున్నం వేసేవారు. అది పాడైతే ఊడబీకి కొత్తది పెట్టుకోవచ్చు. పైకప్పుకు ఆ విషయమే తెలియదు.

ఓక్ మానును పచ్చి మీదే చెక్కేవారు, ఆరిందంటే ఉలికి లొంగదు. ఒక కొయ్య కొసను నాలుకలా చెక్కి, ఎదుటి కొయ్యలో దానికి సరిపడా బెజ్జం తొలిచి, లోపలికి దూర్చి, అడ్డంగా కొయ్య సీల దిగగొట్టేవారు. ఇందులో ఒక కిటుకు ఉంది. సీల కోసం తొలిచే రంధ్రాలు రెండు కొయ్యల్లోనూ సరిగ్గా ఎదురెదురుగా రావు. కావాలనే ఒకదాన్ని కాస్త పక్కకు తొలుస్తారు. సీల దిగుతున్నకొద్దీ కొయ్యలు రెండూ దగ్గరికి లాక్కుని బిగుసుకుంటాయి. ఆ తర్వాత కొయ్య ఆరి, మెలి తిరిగి, పగుళ్లిచ్చినా కీలు పట్టు వదలదు. మా వంకరలు చూసి ముచ్చటపడి ఫొటోలు తీసుకునేవాళ్లకు ఒక మాట: అవి అందం కోసం చెక్కినవి కావు, పచ్చి కొయ్య గుణం.

ఆ కాలపు వడ్రంగి చట్రాన్ని ముందు తన ఆవరణలో నేల మీద పరిచేవాడు. ప్రతి కీలూ కుదిరిందో లేదో చూసుకుని, కలవాల్సిన కొయ్యలు రెంటి మీదా రోమన్ అంకెల్లాంటి జంట గుర్తులు గీసేవాడు. ఆ తర్వాత మొత్తం విప్పేసి స్థలానికి మోయించి నిలబెట్టేవాడు. అంటే మా జాతి ఇళ్లు నిలబడకముందే ఒకసారి విడిపోతాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నన్ను కట్టింది మార్కెట్టు పక్కన. 1554లో నాలో కొంత భాగం బైరమ్ కుటుంబం వాళ్ల బట్టల దుకాణమైంది. 17వ శతాబ్దంలో నా నెత్తిన మూడో అంతస్తు ఎక్కింది. ఆ ఇంటి బిడ్డే జాన్ బైరమ్, 1692లో పుట్టాడు. కవిత్వం రాశాడు, సొంతంగా ఒక షార్ట్‌హ్యాండ్ పద్ధతి కనిపెట్టాడు. నా గదుల్లోనే పుట్టాడని ఊళ్లో చెప్పుకుంటారు, నేనెందుకు కాదంటాను! 1830లో మద్యం లైసెన్సు వచ్చింది. వింట్నర్స్ ఆర్మ్స్ అన్నారు, కెన్యన్ వాల్ట్స్ అన్నారు, 1865 నాటికి వెల్లింగ్టన్ అన్నారు. అప్పట్లో కింద బీరు పోస్తుంటే పైన గణిత పరికరాలు, కటకాల సామాను తయారయ్యేవి. 1897 నాటికి అక్కడ గాలాల అంగడి వెలిసింది.

నా నలుపు తెలుపు రంగుల గురించి కూడా చెప్పాలి. ఓక్‌కు నలుపు పుట్టుకతో రాదు. ఎండకూ వానకూ వదిలేస్తే వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. మా ఇళ్లకు నల్లరంగు పూయడం చాలావరకు 19వ శతాబ్దపు వాళ్ల మోజు. ఇప్పుడది కడిగేస్తే నన్ను పాతదాన్నని ఎవరూ నమ్మరు.

1940లో క్రిస్మస్ ముందు జర్మన్ బాంబులు పడి నా చుట్టూ ఉన్న మార్కెట్టు వీధులు చాలావరకు కూలిపోయాయి. నేను మిగిలాను. 1970ల్లో అక్కడ కాంక్రీటు దుకాణాల సముదాయం లేచింది. దాని ఎత్తుకు సరిపోవాలని నన్నూ, పక్కనున్న సింక్లెయిర్స్ ఆయిస్టర్ బార్‌నూ 4 అడుగుల 9 అంగుళాలు పైకి లేపి అడుగున కాంక్రీటు పలక వేశారు. అంత పాత ఇంటిని కూల్చకుండా ఎత్తినందుకు సంతోషించాలా, కాంక్రీటు పెట్టెలో పెట్టినందుకు ఏడవాలా? నాకైతే ఆ పాతికేళ్లూ ఊపిరాడలేదు.

1996 జూన్ 15, శనివారం. కార్పొరేషన్ స్ట్రీట్‌లో ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) వాళ్లు వ్యానులో పెట్టిన సుమారు 1,500 కిలోల బాంబు పొద్దున్న 11:17కి పేలింది. ముందే హెచ్చరిక ఫోను రావడంతో పోలీసులు జనాన్ని ఖాళీ చేయించారు. 200 మందికి పైగా గాయపడ్డారు కానీ ఒక్క ప్రాణం కూడా పోలేదు. దెబ్బలు తగిలినా నా చట్రం నిలిచింది. అయితే ఊరి నడిబొడ్డుకు కొత్త ప్లాను గీసినప్పుడు నేనున్న చోటు అడ్డొచ్చింది. 300 మీటర్ల అవతలికి, కెథీడ్రల్ పక్కకి పొమ్మన్నారు.

ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే. విప్పడం మాకు కొత్త కాదు. సీల తీస్తే కీలు విడుతుంది, ఏ కొయ్య ఎక్కడిదో గుర్తు పెట్టుకుంటే మళ్లీ అక్కడే కూర్చుంటుంది. అలా విడిపోయి, మళ్లీ కూడి, 1999 నవంబరులో తలుపులు తెరిచాను. చోటు మారాక ఇంకేం పాతదనం అని పెదవి విరిచేవాళ్లున్నారు. నన్ను కట్టిన వడ్రంగి వింటే నవ్వేవాడు.

నాకున్న అసలు ఇబ్బంది వేరు. సింక్లెయిర్స్ కూడా నాతోపాటే వచ్చింది. 18వ శతాబ్దంలో అది జాన్ షా అనే ఆయన పంచ్ హౌస్, అంటే పంచ్ అనే మద్యం పోసే చోటు. రాత్రి 8 కొట్టగానే ఇక ఇళ్లకు పొమ్మని ఆయన కొరడా ఝళిపించేవాడట. అప్పటికీ లేవనివాళ్ల కాళ్ల కింద పనిమనిషి బకెట్లతో నీళ్లు కుమ్మరించేదట. పాత చోట మేమిద్దరం ఒకే వరసలో ఉండేవాళ్లం, కాబట్టి మొహాలు చూసుకునే పని లేదు. ఇక్కడ దాన్ని నాకు అడ్డంగా, మూల కలిపి నిలబెట్టారు. ఇద్దరికీ ముంగిలి ఒకటే అయింది. కాస్త ఎండ కాసిందంటే చాలు, బల్లలన్నీ నిండిపోతాయి. నా దగ్గర కొన్న గ్లాసు పట్టుకుని దాని బల్ల దగ్గర కూర్చునేవాళ్లూ, అక్కడ కొని ఇక్కడికొచ్చేవాళ్లూ. జాన్ షా కొరడా మళ్లీ బయటికి తీయాల్సిన రోజులివి.