ఊరికే వచ్చిన పెంగ్విన్

మా రాజమండ్రిలో ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తున్నారంటే ముందు పుచ్చుకుంటాం, తర్వాత అనుమానిస్తాం. మా ఆవిడ పుచ్చుకోకముందే అనుమానిస్తుంది.

ఐదున్నర వేలు పోసి నేను సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ తెచ్చినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. డబ్బులిచ్చాం, పోయాయి, ఇంక అనుమానానికి చోటేముంది? కోర్ టూ డుయో ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్‌డిస్కు, పాత టీవీలా చదరంగా ఉండే మానిటర్. డబ్బా పక్కన ఏదో ఆఫీసువాళ్లు అంటించిన నంబరు స్టిక్కరు ఇంకా ఉంది. మా ఆఫీసులో నా కుర్చీకీ అలాంటి స్టిక్కరే ఉంటుంది. చూడగానే చుట్టరికం కలిసింది.

2025 మే నెలలో మా మేనల్లుడు సెలవులకి వచ్చాడు. బీటెక్ మూడో ఏడు. డబ్బా మూత విప్పి, వరండాలోకి పట్టుకెళ్లి, పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపాడు.

"ఇందులో విండోస్ 7 ఉంది మావయ్యా. 10 వేద్దామంటే అక్టోబరు 14తో దానికి అప్‌డేట్లు ఆగిపోతాయి. 11 అయితే దీన్ని గుమ్మం కూడా ఎక్కనివ్వదు. లైనక్స్ వేసేస్తాను."

"ఎంతవుతుందిరా?"

"ఊరికే."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "ఊరికే ఎందుకిస్తార్రా?"

వాడు ఓపిగ్గా చెప్పాడు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు, యూనివర్సిటీలో చదువుకుంటూ దీని గుండెకాయలాంటి ప్రోగ్రాం రాశాడట. మరుసటేడు దాన్ని జీపీఎల్ అనే లైసెన్సు కింద పెట్టి, ఎవరైనా తీసుకోండి, మార్చుకోండి, పంచుకోండి అన్నాడట.

"చదువుకోమని పంపిస్తే చేసింది ఇదా? వాళ్ల నాన్న ఏమీ అనలేదా?" అంది మా ఆవిడ. గరిటె మళ్లీ మొదలైంది.

వాడు వేసిన రకం పేరు లైనక్స్ మింట్. అంటే పుదీనా. లైనక్స్ రకాలన్నిటికీ గుర్తు మాత్రం ఓ పెంగ్విన్. టోర్వాల్డ్స్‌ని ఒకసారి ఆస్ట్రేలియాలో, క్యాన్‌బెర్రా జూలో, ఓ చిన్న పెంగ్విన్ కొరికిందని, అప్పట్నుంచి ఆ పక్షంటే ఆయనకి మోజని చెబుతారు. 1996లో ల్యారీ యూయింగ్ అనే ఆయన బొమ్మ గీసిచ్చాడు. మనల్ని కుక్క కరిస్తే ఇంజెక్షన్లు. ఆయన్ని పెంగ్విన్ కొరికితే లోకమంతటికీ ముద్ర.

అసలు నేను ఆ డబ్బా ఎందుకు కొన్నానో ఇంట్లో చెప్పలేదు. పెన్షన్ లెక్కలు వేసుకోవడానికి అన్నాను. నిజానికి ఆటలాడుకోవడానికి. 1996లో నేను కంప్యూటర్ కోర్సు చేశాను. అప్పట్లో ల్యాబు అంటే గర్భగుడి. చెప్పులు బయట విడవాలి, కాళ్లు తుడుచుకోవాలి, లోపల ఏసీలో గజగజ వణకాలి. మాస్టారు అటు తిరగ్గానే ఎవడో జేబులోంచి ఫ్లాపీ తీసేవాడు. డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా. ఆ ప్రిన్స్ పన్నెండు లెవెల్సు దాటి 60 నిమిషాల్లో రాకుమారిని విడిపించాలి. నాకిచ్చిన ల్యాబు టైము అరగంట. మధ్యలో సేవ్ చేసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. గణితం ప్రకారం ఆ అమ్మాయికి నా చేతిలో విముక్తి లేదు. ఇరవయ్యెనిమిదేళ్లు ఉద్యోగం చేసినా ఆ పాపం మోస్తూనే ఉన్నాను.

మేనల్లుడు డాస్‌బాక్స్ అనేది వేసి ఆ లోటు తీర్చాడు. అది మన కంప్యూటర్ చేత 1990ల కంప్యూటర్ వేషం కట్టిస్తుంది. మన సినిమాల్లో అరవై దాటిన హీరో పుస్తకాలు పట్టుకుని కాలేజీకి వెళతాడు. ఇక్కడ ముసలి మిషను ఇంకా ముసలిదానిలా నటిస్తుంది. నటన సహజంగా ఉంది. రాకుమారిని ఐదు రాత్రుల్లో విడిపించాను. నన్ను చూసి ఆవిడ ప్రత్యేకంగా సంతోషించినట్టు కనపడలేదు.

వాడు వెళ్లిపోయాక నా కష్టాలు మొదలయ్యాయి. లైనక్స్‌లో టెర్మినల్ అని ఓ నల్ల కిటికీ ఉంటుంది. అందులో గట్టి పని చెప్పాలంటే ముందు 'సుడో' అనాలి. మా గోదావరి లంకల్లో పెద్దవాళ్లు ప్రతి మాటకీ ముందు "సూడూ..." అంటారే, అలాగన్నమాట. నేను మర్యాదస్తుణ్ణి కనక సూడూ అనకుండానే పని చెప్పాను. 'పర్మిషన్ డినైడ్' అంది. డబ్బా నాది, ఫైలు నాది, కరెంటు బిల్లు నాది. అనుమతి లేదట. కౌంటర్ అవతల నించున్న ఎంతమందితో నేనూ ఆ మాటే అన్నానో ఆ రాత్రి పడుకుని లెక్కేసుకున్నాను. తెల్లారింది గాని లెక్క తేల్లేదు.

ఊరికే వచ్చే ఆటల్లో సగం పెంగ్విన్లవే. సూపర్‌టక్స్‌లో పెంగ్విన్ గెంతుతుంది. ఎక్స్‌ట్రీమ్ టక్స్ రేసర్‌లో మంచు కొండమీంచి బోర్లా పడుకుని జారుతుంది. సూపర్‌టక్స్‌కార్ట్‌లో కారు తోలుతుంది. బయట రాజమండ్రి ఎండ. గోడలు కూడా చెమటలు పడుతున్నాయి. తెర మీద మంచు. ఆ మంచు కురిపించడానికి ప్రాసెసర్ 80 డిగ్రీలకి కాగింది. ఫ్యాను చప్పుడుకి కింద వాటావాళ్లు "పిండి రుబ్బుతున్నారా అండీ, మాదీ ఓ రెండు గ్లాసులు వేస్తారా" అని అడిగారు. ఇంతా చేస్తే కారు రేసులో సెకనుకి వచ్చింది తొమ్మిది ఫ్రేములు. సినిమాకి ఇరవై నాలుగు కావాలి. తొమ్మిదంటే తోలుబొమ్మలాట. మలుపు కనపడేసరికి నేను చెరువులో ఉండేవాణ్ణి.

ఇక వైన్ సంగతి. విండోస్ ఆటల్ని లైనక్స్‌లో నడిపించే ప్రోగ్రాం అది. 1993 నుంచీ తయారవుతూనే ఉంది. నా సందేహాలు తీర్చడానికి మేనల్లుడు ఫోన్ చేశాడు. నేను స్పీకర్ పెట్టాను. హాల్లో మా అత్తగారున్న సంగతి మర్చిపోయాను.

"పాత వైన్ తీసెయ్ మావయ్యా, కొత్త వైన్ వెయ్. బాటిల్స్ కూడా పెట్టుకో. ఒక్కో దానికి ఒక్కో బాటిల్. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో కలిపావంటే పడదు."

బాటిల్స్ కూడా నిజంగా ప్రోగ్రామే. వైన్ సర్దుకోవడానికి. మన వీధుల్లో వైన్స్ అని బోర్డు చూస్తే జనానికి ఏం గుర్తొస్తుందో పేరు పెట్టినవాళ్లకి తెలియదు కదా. అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"ఇది ఆ వైన్ కాదత్తయ్యగారూ."

"అందరూ అలాగే అంటారు బాబూ."

ఆ ప్రోగ్రాంది కూడా నా పరిస్థితే. వైన్ అనే పేరుని విడదీస్తే 'వైన్ ఎమ్యులేటర్ కాదు' అని వస్తుంది. తనేం కాదో చెప్పుకోవడంతోనే దాని జన్మ సరిపోతోంది. వైన్ పోసి నడిపిన మొదటి ఆటకి గంటసేపు నల్ల తెర, వెనకాల సంగీతం, కత్తుల చప్పుడు. ఆకాశవాణిలో నాటకం విన్నట్టుంది. బాగానే ఉంది. ఇప్పటి ఆటలకి వల్కన్ అనేది కావాలని, 2018లో వాల్వ్ కంపెనీ తెచ్చిన ప్రోటాన్‌కీ అదే ఆధారమని, నా మిషనులో అది లేదని మేనల్లుడు తర్వాత తేల్చాడు. వల్కన్ అంటే రోమన్ల అగ్నిదేవుడు. ఆ దేవుడు మా డబ్బాలో కొలువు లేడు. ఆయన ప్రసాదం మాత్రం పుష్కలంగా ఉంది.

సరిగ్గా నడిచేవీ ఉన్నాయి. 1993లో వచ్చిన డూమ్‌కి 4 ఎంబీ ర్యామ్ చాలు. నా దగ్గర 4 జీబీ ఉంది. జీవితంలో మొదటిసారి అవసరానికి వెయ్యి రెట్లు ఆస్తి. ఆ ఆట రాసిన ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు 1997లో దాని సోర్సు కోడు జనానికి ఇచ్చేశారు. అందుకే ఇవాళ అది దేనిమీదైనా నడుస్తుంది. ఈ మాట చెబితే మా ఆవిడ మళ్లీ అదే అడిగింది. "ఊరికే ఎందుకిచ్చారూ?"

అప్పుడావిడ కొత్తావకాయ సీసాల్లోకి ఎత్తుతోంది. వీధి మొత్తానికి పంచడానికి.

"నువ్వెందుకిస్తున్నావు ఊరికే?"

"మనం పెట్టింది పదిమంది తిని బాగుందనాలి కదండీ. అయినా ఊరికే ఏమిటి? సీసా ఖాళీగా తిరిగివ్వరు కదా ఎవరూ. ఏదో ఒకటి వేసే ఇస్తారు."

జీపీఎల్ లైసెన్సు నేను రెండుసార్లు చదివాను. పేజీలకి పేజీలు. అందులో ఉన్నది దాదాపు ఇదే.

ఇప్పుడు నేనాడేది ఓపెన్‌టీటీడీ. తిరుమలకి సంబంధం లేదు. క్రిస్ సాయర్ 1990లలో రాసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌ని 2004 నుంచి ఔత్సాహికులు మళ్లీ అల్లుకుంటూ వస్తున్నారు. అప్పు తెచ్చి, పట్టాలు వేసి, రైళ్లు నడపాలి. పట్టాల కోసం చెట్లు కొట్టేస్తే ఆ ఊరివాళ్లకి కోపం వచ్చి స్టేషన్ కట్టనివ్వరు. అప్పుడు రెండు దారులు. ఒకటి, అధికారులకి లంచం ఇవ్వడం. దానికి ఏకంగా ఓ బటనుంది. దొరికిపోతే ఆ ఊళ్లో మన పరువు అడుక్కి పోతుంది. ఇంకా పన్నెండేళ్ల సర్వీసున్నవాణ్ణి, ఆ బటన్ మీద వేలు పెట్టడానికి ధైర్యం చాల్లేదు. రెండో దారి, చెట్లు నాటడం. కడియం నర్సరీల పక్క పుట్టినవాణ్ణి. నాటాను.

మా కోనసీమలా కనపడే మ్యాపు దొరికేదాకా పదకొండుసార్లు కొత్త లోకాన్ని సృష్టించి చెరిపేశాను. బ్రహ్మకి కూడా ఇంత ఓపిక ఉండదు. ఊళ్ల పేర్లు మార్చాను. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు మార్గం నా ఉద్యోగం కొత్తల్లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీద మూడు వంతెనలు కట్టాలి. మేనల్లుడు పుట్టాడు, పెరిగాడు, బీటెక్‌కి వచ్చాడు. నేను డబ్బా కొనేనాటికి దాని మీద బండి నడవలేదు. నా ఆటలో మాత్రం ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనానికీ టీకీ మధ్య మూడు వంతెనలూ లేచాయి. ఆటలో ఓ ఏడాది మన గడియారంలో పావుగంట కూడా ఉండదు లెండి.

ఇప్పుడు అమలాపురం మీదుగా ఆ బండి మా ముందుగదిలో రోజూ తిరుగుతోంది. మధ్యమధ్య ఆగి పొగ వదులుతుంది గాని చేరుతుంది. కోనసీమవాళ్లు ఎవరైనా ఇటొస్తే మా ఇంటికి రండి. టికెట్ ఊరికే. చెప్పులు మాత్రం బయట విడవాలి.