అన్నీ ఆర్.డిస్.లే

రెవెన్యూ ఆఫీసుల్లో పని ముగిసిన ప్రతి ఫైలు మీదా, దాన్ని ఎన్నాళ్ళు దాచాలో తెలిపే గుర్తు ఒకటి వేస్తారు. ఎల్.డిస్. అంటే ఏడాది. కె.డిస్. అంటే మూడేళ్ళు. డి.డిస్. అంటే పదేళ్ళు. ఆర్.డిస్. అని రాశారో, ఆ ఫైలు ఇక శాశ్వతం. రాసిన గుమాస్తా పోయినా, సంతకం పెట్టిన తహసీల్దారు పోయినా, అది మాత్రం రికార్డు రూములో ఉండాల్సిందే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి వస్తున్న ఈ ఏర్పాటుని ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆఫీసులో నిష్ఠగా పాటించి, రిటైరైన మర్నాడే ఇంటికి తెచ్చేసుకున్న పెద్దమనిషి ఒకాయన రాజమండ్రిలో ఉన్నారు. చుట్టాలందరికీ, వయసుతో నిమిత్తం లేకుండా, ఆయన పెదనాన్నగారు.

చెత్త పోగేసే రకం అని ఆయన్ని తీసిపారేయడానికి లేదు. పోగేసేవాళ్ళు సాధారణంగా బద్ధకస్తులు. ఈయన ఇల్లు సర్దినన్నిసార్లు ఆ వీధిలో ఇంకెవరూ సర్దరు. సంక్రాంతికి ముందొకసారి, దసరాకి ముందొకసారి, మధ్యలో ఎవరైనా చుట్టాలు ఉత్తరం రాసినా ఫోన్ చేసినా ఒకసారి. లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి, నిచ్చెన వేయించి అటకెక్కుతారు. సామానంతా పెరట్లోకి దిగుతుంది. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, దుమ్ము దులిపి, అది ఏ సంవత్సరంలో ఎవరి పెళ్ళికి కొన్నదో, ఎంతకి బేరమాడిందో చెప్పి, ఎండలో వరసగా పేరుస్తారు. సాయంత్రం దీపాలవేళకి అన్నీ మళ్ళీ పైకెక్కుతాయి. పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఒకటే: దొడ్డమ్మగారి వస్తువులు రెండో మూడో తగ్గుతాయి.

ఎందుకంటే, ఇంట్లో పనికిరాని సామాను పేరుకుపోయిందని ఆయనా మనస్ఫూర్తిగా ఒప్పుకుంటారు. అదంతా ఇతరులది. దొడ్డమ్మగారు కడిగి ఆరబెట్టి దాచుకునే హోటలు పార్సిలు డబ్బాలు ఎల్.డిస్. మనవల విరిగిన బొమ్మలు ఎల్.డిస్. కొడుకు ఉత్సాహంగా కొని వారంలో వదిలేసిన ఎక్సర్‌సైజు సైకిలు, తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తోంది గనక, కె.డిస్. ఇక తన కిందకి వచ్చే సరుకు, అంటే రిమోటు పోయిన టీవీ, టీవీలు పోయిన రిమోట్లు, రెండు రెక్కల ఫ్యాను, పిన్ను లేని పంపు స్టౌ, గవర్నమెంటు డైరీలు, ఇవన్నీ ఆర్.డిస్. మాటవరసకి అనడం కాదు, పెట్టెల మీద సుద్దముక్కతో రాస్తారు.

అటక కథ 1986 ఆగస్టులో మొదలైంది. ఆ నెల గోదావరికి వచ్చిన వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమలో గట్లు తెగాయి. రాజమండ్రిలో పల్లపు వీధులవాళ్ళు ముందుజాగ్రత్తగా సామాను పైకెక్కించుకున్నారు. వరద తీశాక అందరి సామానూ కిందికి దిగింది. పెదనాన్నగారిది మాత్రం, మళ్ళీ వరదొస్తే మళ్ళీ ఎక్కించే శ్రమ దేనికని, పైనే ఉండిపోయింది. ముప్పై ఆరేళ్ళ తరవాత, 2022 జులైలో, భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిందని టీవీలో చెబుతుంటే ఊరంతా హడలిపోయింది. ఆయన పడక్కుర్చీలో కాళ్ళు బారజాపి, "మనం ఎప్పుడో సిద్ధం" అన్నారు. బియ్యం బస్తాలూ, గ్యాసు సిలిండరూ కింద ఉన్నాయన్న సంగతి దొడ్డమ్మగారు గుర్తుచేస్తే, వాటికి పైన చోటెక్కడుందని కసురుకున్నారు.

ఆ పైనున్నవాటిలో ఒక బిస్కట్ల డబ్బా నిండా తాళం చెవులున్నాయి. వాటి తాళాలు లేవు. ఇంకో డబ్బాలో తాళాలున్నాయి, వాటికి చెవులు లేవు. సర్దినప్పుడల్లా ఈ రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టుకుని, పిల్లకీ పిల్లాడికీ జాతకాలు చూసినంత ఓపిగ్గా ఒక్కొక్క చెవినీ ఒక్కొక్క తాళంలో పెట్టి తిప్పుతారు. ఇంతవరకూ ఒక్క సంబంధమూ కుదరలేదు.

2013 జులైలో దేశంలో టెలిగ్రాం సేవలు ఆగిపోయినప్పుడు, ఆఖరి రోజున జనం తంతి ఆఫీసులకి పోటెత్తి జ్ఞాపకంగా ఉంటుందని ఎవరికి వాళ్ళే టెలిగ్రాములు ఇచ్చుకున్నారు. పెదనాన్నగారూ ఇచ్చుకున్నారు. "క్షేమం. బయలుదేరవద్దు" అన్నది అందులోని సమాచారం. పదాలకి డబ్బులు లెక్క గనక అంతకన్నా రాయలేదట. అది ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది.

వాటి పక్కనే సీసాలు. 1991 పుష్కరాల నీళ్ళు, 2003 పుష్కరాల నీళ్ళు, 2015 పుష్కరాల నీళ్ళు, దేని చీటీ దానికే. కాశీలోనో బెంగుళూరులోనో ఉండేవాళ్ళు గోదావరి నీళ్ళు సీసాలో దాచుకున్నారంటే అర్థముంది. ఈయన ఇంటికీ కోటిలింగాల రేవుకీ మధ్య దూరం పావుగంట నడక. ఆ మాట ఎవరో అంటే, "రేవులో ఉన్నది ఈవేళ్టి నీళ్ళు" అన్నారు. 2027లో మళ్ళీ పుష్కరాలు. నాలుగో సీసాకి అరలో చోటు కావాలని ఆయన ఇప్పటినుంచే చూస్తున్నారు. ఆ చూపు దొడ్డమ్మగారి ఊరగాయ జాడీల మీద పడింది.

ఎదురు చెప్పినవాళ్ళ నోరు మూయించడానికి ఆయన దగ్గర చరిత్ర ఉంది. "జాకబ్ వజ్రం ఎక్కడ దొరికిందో తెలుసా?" అని మొదలెడతారు. 184.75 కేరట్ల ఆ వజ్రాన్ని కొన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కి అది తండ్రిగారి పాత బూటు మొనలో దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నారనీ హైదరాబాదులో చెప్పుకుంటారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలన్నిటితోపాటు దాన్నీ కొన్నది. "ఆ రోజు ఎవరో తెలివైన కోడలు వచ్చి, మావగారి పాత జోళ్ళు దేనికండీ అని పారేసుంటే?" అంటారు పెదనాన్నగారు, వరండాలో బారులు తీరిన తన అరిగిన చెప్పుల వైపు చూపిస్తూ. అప్పటికీ ఎవరైనా నవ్వితే బ్రౌన్ దొరని దించుతారు. రాజమండ్రిలోనూ ఉద్యోగం వెలగబెట్టిన ఆ తెల్లదొర ఊరూరా తాటాకు ప్రతులు వెతికించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. మనవాళ్ళ అటకల మీద ఆ తాటాకులు లేకపోతే ఆయన ఏం వేయించేవాడన్నది ప్రశ్న. పెదనాన్నగారి అటక మీద తాటాకులు లేవు. ఉన్నవి తాటాకు విసనకర్రలు.

కొన్నేళ్ళ కిందట డల్లాస్ నుంచి కూతురు వచ్చింది. వస్తూ వస్తూ మేరీ కొండో పద్ధతి తెచ్చింది. ఆ జపానావిడ సర్దుబాటు పుస్తకం 2014లో ఇంగ్లీషులోకి వచ్చాక లక్షల ఇళ్ళు ఖాళీ అయ్యాయి. 2019లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు ఆవిడ చేత ఇళ్ళు సర్దించి జనానికి చూపించారు. పద్ధతి తేలికే: సామాను రకాలవారీగా కుప్ప పోయాలి, ముందు బట్టలు, తరవాత పుస్తకాలు, ఆ పైన కాగితాలు, చిల్లర సామాను, చిట్టచివర జ్ఞాపకాల వస్తువులు. ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని సంతోషం కలుగుతోందా అని చూసుకోవాలి. కలిగితే ఉంచాలి. లేకపోతే ఇన్నాళ్ళూ సేవ చేసినందుకు దణ్ణం పెట్టి పంపేయాలి.

కూతురు చెప్పినట్టే ఆయన విరిగిపోయిన తలుపు బందు ఒకటి అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కలిగింది. ఎండిపోయిన ఇంకు సీసా పట్టుకున్నారు. కలిగింది. దొడ్డమ్మగారి పార్సిలు డబ్బా పట్టుకున్నారు. ఏమీ కలగలేదు. దణ్ణం పెట్టి పంపేయమన్న మాట మాత్రం ఆయనకి ఎంతకీ మింగుడుపడలేదు. "దణ్ణం పెట్టిన చేత్తోనే గెంటేయమంటావా? ఏ దేశంలో మర్యాదే ఇది?"

ఇలా లాభం లేదని కూతురు తానే అటకెక్కింది. అక్కడ ఆమెకి ఎదురైన మొదటి మూడు పెట్టెల్లో ఉన్నవి ఆమె ఎంసెట్ గైడ్లు, ఇంజనీరింగు మొదటి ఏడాది డ్రాఫ్టరు, స్నేహితురాళ్ళు రంగుల పెన్నులతో రాసిన ఆటోగ్రాఫు పుస్తకం. ఆ పుస్తకం తెరిచి నిచ్చెన మెట్టు మీదే కూలబడింది. కాఫీ పైకే అందించారు. చీకటి పడ్డాక దిగొచ్చి, "ఇవి ఇక్కడే ఉండనీ నాన్నా, వచ్చేసారి తీసుకెళ్తాను" అంది. ఆయన మాట్లాడకుండా సుద్దముక్క తీసుకుని మూడు పెట్టెల మీదా ఆర్.డిస్. అని రాసుకున్నారు. నిజానికి ఆ అటక మీద సగం సరుకు ఆయన్ని చూసి నవ్వే చుట్టాలదే. చెన్నైకి బదిలీ అయినవాడి ఉయ్యాల, అమెరికా వెళ్ళినవాడి కేరమ్స్ బోర్డు, విడాకులైన మేనల్లుడి పెళ్ళి ఆల్బం. వాళ్ళ ఫ్లాట్లు అద్దంలా మెరవడానికి ఎవరు కారణమో వాళ్ళెప్పుడూ ఆలోచించినట్టు లేదు.

ఆ తరవాత 2023 జనవరిలో, ముగ్గురు పిల్లలు పుట్టాక ఇల్లు సర్దడం తానూ కొంత వదిలేశానని కొండో గారే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఆ వార్త కత్తిరించి పెదనాన్నగారు డల్లాస్‌కి వాట్సాప్‌లో పంపారు. కత్తిరింపు పారేయలేదు.

భోగి సంగతి చెప్పుకోవాలి. పాత సామాను మంటలో వేయమని శాస్త్రమే చెబుతోంది కదా అని దొడ్డమ్మగారు ఒక ఏడాది పట్టుబట్టి, కాలు విరిగిన స్టూలు ఒకటి ఆయన చేతికిచ్చి తెల్లవారుజామున వీధి మలుపులోకి పంపారు. గంట తరవాత ఆయన చలిలో వణుకుతూ తిరిగొచ్చారు. చంకలో స్టూలు అలాగే ఉంది. రెండో చేతిలో, పక్కింటివాళ్ళు మంటలో వేయబోతే ఆయన అడ్డుపడి పుచ్చుకున్న కుర్చీ కాళ్ళు మూడున్నాయి. స్టూలుకి సరిపోతాయట. సరిపోలేదు. ఇప్పుడు స్టూలూ ఉంది, కాళ్ళూ ఉన్నాయి.

దొడ్డమ్మగారిని పాపం అనడానికీ లేదు. ప్లాస్టిక్ కవర్లన్నీ మడిచి ఇంకో కవర్లో పెట్టి, ఆ కవర్ని మరో కవర్లో పెట్టే మనిషి ఆవిడ. బీరువా నిండా పేర్లు చెక్కించిన స్టీలు గిన్నెలు. గృహప్రవేశాలకీ, ఒడుగులకీ వచ్చినవి. పేరూ తేదీ ఉన్నందువల్ల ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. ఇచ్చిన వాళ్ళింటికే ఎక్కడ తిరిగి చేరుతుందోనని భయం. అందుకని ఆవిడ ఆయన సామాను మీద పడుతుంది. ఆయన లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ట్రెజరీకి వెళ్ళిన రోజు చూసి, మైకులో "పాత పేపర్లు, ఇనప సామాన్లు కొంటాం" అని అరుచుకుంటూ పోయే ఆటోని ఆపుతుంది. ఒకసారి అలా పంపు స్టౌ తూకానికి వెళ్ళిపోయింది. ఆయన మూడు రోజులు వెతికి, ఆటోవాడి షెడ్డు పట్టుకున్నారు. "అమ్మగారే ఇచ్చారు బాబూ, ఆయ్" అన్నాడు వాడు. తూకం ధరకి రెట్టింపిచ్చి స్టౌ తెచ్చుకున్నారు. వస్తూ వస్తూ, అక్కడ నచ్చిందని ఒక ఇస్త్రీపెట్టె కూడా తెచ్చారు, బొగ్గులది.

పెరడు అటకకి తమ్ముడు. పెయింటు డబ్బాల్లో తులసి, పగిలిన బకెట్లలో నందివర్ధనం, పాత వాష్‌బేసినులో పుదీనా. అంతవరకూ ముచ్చటే. ఏళ్ళ తరబడి పూత లేని మామిడి చెట్టుని కొట్టించేద్దామంటే మాత్రం ఆయనకి వాల్టా చట్టం గుర్తొస్తుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం అది, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలంటుంది. దరఖాస్తు ఎలా రాయాలో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు జిల్లాలో ఉండరు, కానీ రాయరు. గోడవారన ఉన్న స్కూటరు టైర్ల దగ్గర ఒక్కటే ఆయన ఓడిపోయారు. 'ఫ్రైడే-డ్రైడే' అంటూ వచ్చిన ఆశా కార్యకర్త టైరు వంచి చూపించింది. లోపల నిలిచిన నీళ్ళలో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. వారం పది రోజుల్లో అవి డెంగీ దోమలవుతాయనీ, నీళ్ళు పారబోసినా టైరుకి అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయనీ చెప్పింది. "అంటే ఎండాక కూడా భద్రంగా ఉంటాయన్నమాట!" అన్నారాయన, ఒకింత గౌరవంగా. టైర్లు వెళ్ళాయి. ఆయన సామానులో ఎల్.డిస్. అయినవి అవొక్కటే.

ఇంత విసుగులోనూ ఆయన్ని గట్టిగా ఏమీ అనలేకపోవడానికి ఒక కారణం ఉంది. ఎదురింటాయనకి సరిహద్దు తగాదా వచ్చి, 1994 నాటి ఇంటి పన్ను రశీదు అవసరమైంది. మునిసిపాలిటీలో దొరకలేదు. పెదనాన్నగారు అటకెక్కి కాఫీ చల్లారేలోపు దిగారు. ఎదురింటాయన తన దగ్గర పెట్టుకుంటే పోతుందని అప్పట్లో ఈయనకిచ్చి మరచిపోయిన రశీదు అది. పిన్నుకి తుప్పు కూడా పట్టలేదు. ఆ రశీదు పేరు చెప్పుకుని ఆయన ఇంకో పదిహేనేళ్ళు ఏ వస్తువునైనా కాపాడుకోగలరు.

ఇప్పుడు ఇల్లు డెవలపర్‌కిచ్చి అపార్టుమెంటు కట్టించాలని పిల్లలు నిర్ణయించారు. సంతకాలకి ఆయన ఆశ్చర్యంగా, పేచీ లేకుండా ఒప్పుకున్నారు. షరతు ఒకటే పెట్టారు. ఫ్లాటు చిన్నదైనా పరవాలేదు గానీ, తన వాటాకి కారు పార్కింగులు మూడు రావాలి, మూడింటికీ షట్టర్లు ఉండాలి. డెవలపర్ మర్యాదస్తుడు, "ఏ కార్లండీ?" అని అడిగాడు. పెదనాన్నగారికి కారు లేదు. డ్రైవింగూ రాదు.