పత్రప్రేషణ ప్రహసనము

కళాశాలాధ్యాపకుడు పదోన్నతి కోరినచో పాఠము చెప్పిన చాలదనియు, పరిశోధనపత్రము నచ్చు వేయింపవలెననియు యూజీసీవారు నిర్ణయించిన నాటినుండి మా జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల అధ్యాపకవర్గమునకు నిద్ర కరవైనది. భూపాలపల్లి మిత్రు డొకడు పాండవుల గుట్ట శిలాచిత్రములను గూర్చి వ్రాసి పంపగా, "బొమ్మలు స్పష్టముగా లేవు, ఎక్కువ రిజల్యూషనుతో పంపుడు" అని జాబు వచ్చినదట. ప్రాగైతిహాసిక చిత్రకారునకు ఈ నియమము ముందుగా తెలియకపోయెను.

నేను బయ్యారము చెరువు శాసనమును పట్టుకొంటిని. గణపతిదేవుని సోదరి మైలాంబ ధర్మకీర్తి సముద్రమను పేర త్రవ్వించిన తటాకమునకు సంబంధించినదియు, కాకతీయుల వంశక్రమమును వెన్నరాజు మొదలుకొని చెప్పునదియు నగు శాసన మది. నా వ్యాసమును జనగామలో డీటీపీ కుర్రవాడు అనూ ఫాంటులో కంపోజు చేసి పంపెను. "తాము వ్రాసిన భాష యేదియో తెలుపగోరెదము" అని సంపాదకుల ప్రత్యుత్తరము. వారు జతపరచిన పుటను చూతునుగదా, మైలాంబ యుండవలసిన చోట డాలరు గుర్తులును, ఆశ్చర్యార్థకములును, వాని నడుమ దిక్కుతోచని రోమను అక్షరములును!

"గట్లనే అగుపడ్తది సార్, ఆళ్ల కంప్యూటర్ల మన ఫాంటు లేదు గద. యూనికోడ్ల మార్చి ఇస్త తియ్" అనెను కుర్రవాడు, మైలాంబ గతికి లేశమైనను చలింపక. ఆ మార్పిడిలో కొన్ని ఒత్తులు ఊడి ప్రక్క యక్షరముల కంటుకొనెను.

పిమ్మట సిమిలారిటీ పరీక్ష. ఉదాహరించిన శాసనపాఠము పూర్వప్రచురిత గ్రంథములతో అక్షరాక్షరము సరిపోవుచున్నది కావున, దానిని సొంత మాటలలో తిరిగి వ్రాయవలెనట! కాకతి రాజపుత్రిక రాతిపై చెక్కించిన మాటలను మార్చుటకు నే నెవడను?

ఆ గండమును దాటగా పరిశీలకు లిరువురు తగిలిరి. వ్యాసము మితిమీరి దీర్ఘమని యొకరు, మితిమీరి సంక్షిప్తమని మఱియొకరు. రెండవ మహాశయుడు ఒకే విద్వాంసుని గ్రంథములను వరుసగా పేర్కొని, అవి యుదాహరింపనిది వ్యాసము రాణింపదనెను. ఆ విద్వాంసు డెవరో, పరిశీలకు డెవరో ఊహించుటకు శాసనపరిశోధన యక్కరలేదు. 1936లో ఫిజికల్ రివ్యూవారు తన వ్యాసమును పరులకు చూపిరని కినిసి ఐన్‌స్టీను దానిని వెనుకకు తీసికొనెను; ఆయనకు మావలె ప్రమోషను బాధ లేదు.

ఈ పద్ధతి పూర్వమే యుండినచో మా జనగామ జిల్లా కవుల గతి యేమి? పాలకురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో వ్రాసినందులకు "మా పత్రిక ఫార్మాటు చంపువు" అని త్రిప్పి పంపియుందురు. పోతన విషయ మింకను చిక్కు. చిరునామా గడిలో బమ్మెర యని వ్రాసిన ఒంటిమిట్టవా రొప్పుకొనరు. భాగవతమున శిథిలమైన భాగములను గంగన, సింగన, నారయలు పూరించిరి గదా. వారిని సహరచయితలుగా చేర్చుటకు పోతన సంతకముగల అంగీకారపత్ర మెచ్చట?

తుదకు నా వ్యాస మంగీకృతమైనది. ఆ లేఖను చేతబట్టుకొని ప్రిన్సిపాలుగారి గదికి పోయితిని. 2018లో 4,305 పత్రికలను ఒక్క కలముపోటున తమ ఆమోదిత జాబితానుండి తొలగించి, మరుసటి యేట కేర్ పట్టికను నెలకొల్పిన యూజీసీవారు, 2025 ఫిబ్రవరిలో ఆ పట్టికను సైతము ఎత్తివేసియున్నారు. ప్రిన్సిపాలుగారు లేఖను ఆమూలాగ్రము చదివి, కండ్లజోడు తీసి, "బాగున్నది సార్, మరి ఇది ఏ లిస్టుల ఉన్నట్టు?" అనిరి.