కోలబంతి ఆత్మకథ

ఒహాయో రాష్ట్రమందలి ఏడా యను చిన్న పట్టణమున, 1955 నుండి విల్సన్ సంస్థవారు నడుపుచున్న కర్మాగారములో, నాలుగు తోలుముక్కలను లోపలిప్రక్క వెలికి వచ్చునట్లు కుట్టి, ఆవిరిలో మెత్తబరచి, ఒక బలశాలి నన్ను చొక్కావలె తిరగవేసినప్పుడు నా జన్మము సిద్ధించినది. అమెరికావారు నన్ను పందితోలని ముద్దుగా పిలుతురు గాని, నా మేనిది గోచర్మము. ఈ రహస్యము చంపాపేట్‌లో నేనిప్పుడున్న యింటి నాయనమ్మకు తెలియకుండుటయే నాకును, నన్ను తెచ్చిన ఆమె మనుమనికిని క్షేమము.

తొలి రెండేండ్లు టెక్సాస్‌లోని యొక కళాశాల అభ్యాసమైదానమున తన్నులు తింటిని. అమెరికన్ ఫుట్‌బాల్ అను ఆ యాటలో, మూడు యత్నములలో 10 గజాలు గడవలేని జట్టు, నాలుగవదానియందు నన్ను చేతినుండి జారవిడిచి, నేల తాకకమునుపే ఆకాశమునకు తన్నును. దీనినే పంట్ అందురు. నేను గిరగిర తిరుగుచు దిగునప్పుడు క్రింద ఎదుటిజట్టువా డొకడు మెడ రిక్కించి నన్నే చూచుచుండును. తనపైకి దూసుకొనివచ్చు మల్లులను వాడు చూడలేడు. ఆ నిస్సహాయునికి శాస్త్రమిచ్చిన కవచ మిది: ఒక చేయి తలకు మీదుగా స్పష్టముగా చాచి, ప్రక్కలకు ఒకటికంటె ఎక్కువసార్లు ఊపవలెను. ఊపినచో, నన్ను పట్టినచోటనే ఆట యాగును. వాని నెవరును పడవేయరాదు, వాడును పరుగెత్తరాదు. ‘చేతులెత్తేసినాడు’ అని మనవారు ఓటమికి చెప్పు మాట దీనికి సరిపడదు. ఎత్తునది ఒక్క చేయి, విడుచునది పరుగు, దక్కునది నేను.

మొగమాటముతో ఛాతీయెత్తున ఆడించిన చేయి చెల్లని సైగ. చెల్లకున్నను పరుగు మాత్రము పోవును. ఇంతకంటె విచిత్రము, సైగ చేసినవాడొకడు, పట్టినవాడు వేరొకడు అయినను, ఆ జట్టువా డెవడును నాతో రెండడుగులకు మించి నడవరాదు. నడిచెనా, 5 గజాల దండన. పట్టువానిచుట్టు 2 గజాల రక్షావలయ మొకటి పూర్వముండెడిది. 2003లో దానిని తీసివేసినారు. పైనుండి చూచు నాకు ఆ వలయ మెన్నడును కనబడలేదు గనుక నేను విచారింపలేదు.

నా నునుపు పోయిన పిదప అగ్గువకు కొన్న మనుమడు, గాలి తీసి, సూట్‌కేసులో స్వెట్టర్లనడుమ కుక్కి నన్నిక్కడికి తెచ్చినాడు. 2012లో ఈ యాటకు మన ఊరిపేర కూడ హైదరాబాద్ స్కైకింగ్స్ అను జట్టుండెనని వాడు ఘనముగా చెప్పగా, బాబాయి కొడుకులు నమ్మినట్లు కనబడలేదు.

ఒక వేసవి ఆదివారమున ఇంటిప్రక్క ఖాళీ ప్లాటులో ఆట మొదలైనది. మనుమడు తన్నిన తన్నుకు నేను కరెంటుతీగలు దాటి, మేడమీదికి మళ్లితిని. అచ్చట నాయనమ్మ పాతచీరపై సగ్గుబియ్యపు వడియాలు పరచి, కాకులకు కాపలా కూర్చున్నది. నన్ను చూచి దిగ్గున లేచి, కుడిచేయి తలమీదికెత్తి, అటునిటు మూడుసార్లు ఊపి, “వద్దురా! ఇటు వద్దు!” అని కేక వేసినది. అంత నిర్దుష్టమైన సైగను టెక్సాస్‌లోను నేను చూడలేదు. కాని పట్టుటకు ఆమె చేతులు చాపలేదు. నేను సరిగా చీరనడుమ పడితిని.

“సైగ చెల్లింది, ఆట ఆగింది!” అని మనుమడు మెట్లమీదనుండి అరచెను.

“నాయనమ్మ ఏ టీముల ఉన్నదన్నా?” అని చిన్నవాడు అడిగెను.

“మీ టీముల మన్నువడ! ఏందిరా ఇది, కోడిగుడ్డు లెక్కున్నది? ఏం తోలు?”

“రబ్బరు, నాయనమ్మా,” అని వాడు కర్మన్‌ఘాట్ గుడివైపు చూడక చెప్పెను.

ఆమె కొంగుతో నన్ను తుడిచి, సజ్జమీద ఖాళీ ఆవకాయజాడీకిని పాత కుక్కరుకును నడుమ పెట్టినది. ఆమె ఏ జట్టో ఇప్పటికిని తేలలేదు. నా కుట్లలో ఇరికిన వడియపు పిండి మాత్రము ఎండి, గాజుపెంకువలె గట్టిపడి, అట్లే యున్నది.