నోటితో ముంచిన నౌకలు

ఉదయగిరి నుంచి సముద్రం చూడాలంటే వింజమూరు మీదుగా కావలి పోవాలి, అక్కడ దిగి తీరానికి ఇంకో బండి పట్టుకోవాలి. మెట్ట ప్రాంతం. ఇక్కడ నీళ్ళంటే బోరు, ట్యాంకరు, వానలు దయతలిస్తే చెరువు. అయినా ఉదయగిరి పేరుతో ఒక యుద్ధనౌక ఉంది. ముంబయి మజగావ్ డాక్‌లో కట్టిన ఐఎన్ఎస్ ఉదయగిరి 2025 ఆగస్టు 26న విశాఖలో నౌకాదళంలో చేరింది. దాదాపు 6,700 టన్నుల ఓడ, బ్రహ్మోస్ క్షిపణులు మోస్తుంది. 1976 నుంచి 2007 దాకా పనిచేసిన పాత ఉదయగిరికి ఇది వారసురాలు.

పాపం, కొత్త ఓడ కాస్త ఆలస్యంగా వచ్చింది. అప్పటికే మనవాళ్ళు నౌకాయుద్ధం గెలిచేసి మూడు నెలలు దాటింది.

ఆ ఏడాది మే 8 రాత్రి, పాకిస్తాన్‌తో పోరు నడుస్తుండగా, ఆత్మకూరు బస్టాండు దగ్గర టీకొట్టులో టీవీ మోగుతా ఉంది. తెర నాలుగు ముక్కలు, కింద ఎర్రక్షరాలు, ఆగకుండా సైరన్. వీడియోగేమ్‌లో నుంచి ఎత్తుకొచ్చినట్టున్న మంట ఒకటి మాటిమాటికీ లేచి ఆరిపోతా ఉంది.

“కరాచీ అయిపోయిందంట సామీ!”

“మొత్తమా?”

“మొత్తం. విక్రాంత్ దిగిందిగదా.”

“విక్రాంత్ ఓడ గదా? ఈడ ఇమానాలు చూపిస్తా ఉండారే?”

“ఓడ మీంచే లేచినాయిలే. నువ్వు టీ తాగు.”

తెల్లారి చూస్తే కరాచీ రేవు ఎక్కడున్నది అక్కడే ఉంది. పని మామూలుగా నడుస్తోందని రేవువాళ్ళు చెప్పుకున్నారు. మే 11న మన వైస్ అడ్మిరల్ ఎ.ఎన్. ప్రమోద్ విలేకరుల ముందుకొచ్చి, కరాచీతో సహా లక్ష్యాలను తాము ఎంచుకున్న సమయంలో కొట్టగలిగేలా నౌకాదళం పూర్తి సన్నద్ధంగా నిలబడిందని చెప్పారు. కొట్టామని చెప్పలేదు. నౌకలు నడిపేవాళ్ళు సిద్ధంగా ఉన్నామంటే, మైకులు నడిపేవాళ్ళు పని ముగించేశారు. ‘మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు’ అన్న పెద్దవాళ్ళకు స్టూడియో గడప ముందే కనబడినట్టుంది.

కోటలంటే గుర్తొచ్చింది. మూడు వేల అడుగుల పైచిలుకు కొండ మీదున్న ఉదయగిరి దుర్గాన్ని గజపతుల చేతి నుంచి లాక్కోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడికి ఏడాదిన్నర పట్టింది. 1514లో గాని లొంగలేదు. పాపం రాయలకు ఒక్క న్యూస్ ఛానల్ కూడా లేదు. ఉండుంటే ముట్టడి మొదలైన రాత్రే, మొదటి ప్రకటనల విరామానికి ముందే కోట పడిపోయేది. సైన్యం మాత్రం మర్నాడు పొద్దున కూడా కొండ కిందే గుడారాలు వేసుకుంటూ ఉండేది.

ఈ విద్య మనం కనిపెట్టింది కాదు. 1939 సెప్టెంబరులో బ్రిటన్ విమానవాహక నౌక ఆర్క్ రాయల్‌ను ముంచేశామని జర్మన్ రేడియో ఊదరగొట్టింది. బాంబు పక్కన నీళ్ళలో పడింది. వేసిన పైలట్‌కు పతకం మాత్రం దక్కింది. ఆ ఓడ నిజంగా మునిగింది 1941 నవంబరులో. 1965లో మన ఐఎన్ఎస్ బ్రహ్మపుత్రను ముంచామని పాకిస్తాన్ చాటింది. ఆ ఓడకు గీత కూడా పడలేదు. ఆ వేటకెళ్ళిన జలాంతర్గామి ఘాజీ ఇంటికెళ్ళి పతకాలు అందుకుంది.

“అబద్ధమైతేనేం, శత్రువు గుండె జారుతుంది కదా” అని ఈ విద్యావేత్తల వాదన. కరాచీలో ఉన్నవాడు కిటికీ తీస్తే రేవు కనపడుతుంది. వాడి గుండె ఎందుకు జారుతుంది? కిటికీలో రేవు కనపడనిది ఆత్మకూరులో ఉన్నవాడికే. నమ్మేదీ వాడే. అంటే ఈ ఆయుధం ఎప్పుడు పేల్చినా గుండు మనవైపే వస్తుంది.

జపాన్‌కు ఆ గుండు గట్టిగానే తగిలింది. 1942 జూన్‌లో మిడ్‌వే దగ్గర నాలుగు విమానవాహక నౌకలు పోతే, జనానికి పోయింది ఒక్కటేనని చెప్పారు. గాయపడిన నావికులను ఎవరి కంటా పడకుండా ఆస్పత్రుల్లో దాచారు. 1944 అక్టోబరులో ఫార్మోసా దగ్గర అమెరికావి పదకొండు విమానవాహక నౌకలు ముంచామని ప్రకటించి పండగ చేసుకున్నారు. మునిగినవి సున్నా. ఇంకా ఘోరం, సొంత సైన్యమే ఆ లెక్క నమ్మింది. శత్రువుకు ఓడలు లేవనుకుని లేటే దీవిలో నిర్ణాయక పోరుకు దిగింది. లేవనుకున్న ఓడలన్నీ అక్కడికొచ్చాయి.

మరి నిజంగా ముంచినవాళ్ళు ఎలా మాట్లాడతారు? 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక అదే ఘాజీ, తొంభైమందికి పైగా మనుషులతో, విశాఖ తీరంలో సముద్రగర్భానికి పోయింది. జాలర్లకు శకలాలు దొరికాయి, డైవర్లు దిగి చూశారు. నౌకాదళం లోకానికి ప్రకటించింది 9న. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలే ముంచాయని మనవాళ్ళు, లోపలి పేలుడో సొంత మైనో కారణమని వాళ్ళు, ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మన ఇళ్ళల్లో మాత్రం ఆ వాదన 2017లో సినిమాహాల్లో తీరిపోయింది. ‘ఘాజీ’లో దాన్ని మన జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది కాబట్టి, పాపం రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్‌ను ఎవరూ అడగడం లేదు.

ఘాజీ సంగతి ప్రకటించిన ఆ 9వ తేదీ రాత్రే దియు దగ్గర మన ఐఎన్ఎస్ ఖుక్రీని పాక్ జలాంతర్గామి హంగోర్ ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదలకుండా దానితోనే వెళ్ళిపోయారు. ఆ సంఖ్యలు మనకు తెలుసంటే, మనం పోగొట్టుకున్నది మనమే లెక్కపెట్టి ఒప్పుకున్నాం కాబట్టి. టీవీ యుద్ధంలో ఈ పద్దే ఉండదు. అక్కడ ఓడలన్నీ ఖాళీగానే మునుగుతాయి, అవీ అవతలివే.

రేపు నిజంగానే యుద్ధం వచ్చి ఉదయగిరి సముద్రం మీదికి వెళితే, దాన్ని ముంచేశామని అవతలి యాంకర్ మొదటి రాత్రే అరుస్తాడు. అరవకపోతే వాడికి ఉద్యోగం ఉండదు. ఆ ఓడ మీదున్న పిల్లల ఇళ్ళల్లో కూడా టీవీలున్నాయి. అది అబద్ధమని అలాంటి ఓ ఇంట్లో తల్లికి మన ఛానల్ చెబుతుంది, నిజమే చెబుతుంది. కానీ కరాచీని కాల్చింది కూడా ఆ ఛానలేనని ఆమెకు గుర్తుంటే, ఆ నిజాన్ని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?