ఒక నదీశిల ఆత్మకథ

నేను శిలను. కాశ్మీరమున కొలహోయి శిఖరమునకు దేహమైన లావారాతినుండి విడివడితిని. సుమారు 29 కోట్ల ఏండ్ల క్రిందట భూగర్భమునుండి ఉబికివచ్చి గడ్డకట్టిన నా కరకు దేహమును మొదట హిమానీనదము ఈడ్చుకొని వచ్చి, పిదప లిద్దర్ నది దొర్లించి, అంచులన్నియు అరగదీసి, పహల్గామునకు ఎగువ గులకరాళ్ల నడుమ నిలిపినది. ఇంత దీర్ఘమైన చరిత్రలోను నాకు చెప్పవలయునని తోచునది నా అడుగున, పొరుగురాళ్లకును నాకును నడుమ మిగిలిన బెత్తెడు చీకటి సందును గూర్చియే. ఏలయన, ట్రౌట్ చేపపిల్లల బ్రదుకు దానిపై ఆధారపడియున్నది.

ఈ చేపలు ఈ నీటికి పుట్టుకచే చెందినవి కావు. 1899లో బ్రిటనునుండి ఓడలో పంపిన గుడ్లు దారిలోనే నశింపగా, మరుసటి సంవత్సరము వచ్చినవి బ్రదికి, వాని సంతతి కాశ్మీరపు ఏరులనిండ వ్యాపించినది. దూరదేశమునుండి వచ్చినవైనను, నా చాటున పెరిగిన పిల్లలను పరాయివని నేనెన్నడును తలపలేదు.

శరత్తు ముగియు వేళ తల్లిచేప నా సమీపమున ప్రక్కకు ఒరిగి, తోకతో గులకను కొట్టి గుంట చేసి, గుడ్లు విడిచి, మరల గులకతోనే కప్పును. రాళ్ల నడుమ చొరబడి పారు చల్లని నీరు ప్రాణవాయువును కొనివచ్చినంత కాలము ఆ గుడ్లు చీకటిలో పక్వమగును. వెలువడిన పిల్ల పొట్టక్రింది సొనసంచి తరుగువరకును గులకలోనే యుండి, వసంతమున పైకి వచ్చును. ఆ మొదటి వారములే మిక్కిలి కఠినములు. వ్రేలెడైనను లేని ఆ ప్రాణికి నడియేటి వడి దుర్భరము. అందుచేత ఒడ్డువార, మోకాలైన మునుగని నీటిలో, ఒక్కొక్కటి ఒక్కొక్క చోటు పట్టుకొని, కంటబడిన తోటిదానిని తరుమును. ఒకదానికొకటి కనబడకుండ మావంటి రాళ్లు అడ్డునిలిచినచో అదే మేరలో ఎక్కువ పిల్లలు కలహము లేక బ్రదుకును.

గ్రీష్మమున మంచు కరగి నది పొంగునప్పుడు, నా వెనుక నీరు మందగించు చోట పిల్లచేప ఎగువకు మొగము పెట్టి నిలుచును. ప్రక్కనే పరుగిడు ప్రవాహము నీటిపురుగులను కొట్టుకొని తెచ్చును. అది ఒక్కసారి ముందుకురికి, నోట కరచుకొని, నా చాటునకే మరలును. శ్రమ స్వల్పము, ఆహారము సమృద్ధము. ఒడలు పెరిగినకొలది లోతు నీటికి, పెద్దరాళ్ల వైపునకు జరుగును.

హేమంతమున సర్వమును తారుమారగును. నీటి వేడిమి 8 డిగ్రీలకు దిగువనైనది మొదలు ఆ చేప ఒడలు మందగించును. వెచ్చని రక్తముగల పక్షులనుండియు మృగములనుండియు తప్పించుకొను చురుకుదనముండదు. కావున పగలంతయు నా అడుగు సందులో దూరి కదలకయుండి, రాత్రులందే వెలుపలికి వచ్చి, నెమ్మదియైన నీట నాలుగు పురుగులు తినును. వేసవిలో నా వెనుకటి నీరు దానికి కావలెను. చలికాలమున నా క్రింది శూన్యము కావలెను. నదిని చూడవచ్చినవారు నీటి స్వచ్ఛతను మనసార పొగడుదురు గాని, ఆ శూన్యమునెవ్వరును చూడరు.

ఎగువ ఒడ్డును త్రవ్వి ఇసుకయు గులకయు తీసిన యేట, సన్నని మట్టి దిగివచ్చి నా సందు పూడిపోయినది. కొన్నాళ్లకు నీరు ఎప్పటివలెనే తేటపడినది. ఐనను చలి ముదిరిన వేళ పిల్లలు నా చుట్టును తిరిగి, దూరుటకు చోటు గానక, దిగువకు తరలిపోయినవి. గులకలోని గుడ్లకు సైతము ఊపిరాడలేదు. పిమ్మటి వేసవి పొంగు పైపొరను కడిగినదే గాని, నా అడుగున గట్టిపడిన మట్టిని కదల్చలేకపోయినది. నన్ను మరల దొర్లింపగల వరద రావలెనని, ఇన్నాళ్లును నిలుకడనే కోరిన నేను, ఇప్పుడు కోరుచున్నాను.